పూత పడకముందే అడగవలసిన మాట

ఇంటిలో కంటికి కనిపించే పనికి అందరూ పరీక్షకులే. తలుపు ఏ చెక్కతో చేయించారో, నేలకు ఏ రాయి పరిపించారో, గోడకు ఏ రంగు వేయించారో వచ్చిన బంధువులు చూస్తారు. మెచ్చుకునేది మెచ్చుకుంటారు, వంక పెట్టేది పెడతారు. గోడ లోపల సాగిన కరెంటు తీగను మాత్రం ఎవరూ చూడరు. దాని మీద ఒకసారి సిమెంటు పూత, మన వాడుకలో గిలాబు, పడి రంగు కూడా ఎక్కిందంటే ఆ పని మంచిదో చెడ్డదో చెప్పగలవారు ఉండరు. పది పదిహేనేళ్లు గడిచాక గోడకు కొట్టిన ఒక మేకో, వానకాలంలో దిగిన చెమ్మో ఆ సంగతి బయటపెడుతుంది. అప్పటికి ఆ పని చేసినవారు ఊళ్లో ఉండకపోవచ్చు. చేయించినవారు ఈ లోకంలోనే ఉండకపోవచ్చు.

మన దేశంలో విద్యుదాఘాతం వల్ల ఏటా 10,000 మందికి పైగా ప్రాణాలు కోల్పోతున్నారని జాతీయ నేర గణాంకాల నివేదికలు చెబుతున్నాయి. వీటిలో పొలాలలో, వీధులలో, కార్ఖానాలలో జరిగినవి ఉన్నాయి. ఇళ్లలో జరిగినవీ ఉన్నాయి. ఇంటి గోడ మనకు నీడనిచ్చేది. ఆ గోడే ప్రాణం తీసేది కాకుండా చూసుకోవడం ఇంటి యజమాని బాధ్యత.

అందుకే ఈ నెల, పాత ఇంటికి తీగలు మార్పించేటప్పుడు దీపాల స్విచ్చిలకు లోపలి గోడల గుండా తీగలు ఎలా సాగాలి అన్న విషయాన్ని ఎంచుకున్నాము. మేము పాఠం చెప్పుకునేవారమే గాని కరెంటు పని చేసేవారము కాము. అయితే మా మద్రసా వసతిగృహానికి తీగలన్నీ మార్పించినప్పుడు ఆ బాధ్యత మా మీద పడింది. పనివారి పక్కన నిలబడి ప్రతిదీ అడిగాము, తెలిసినవారి చేత చెప్పించుకున్నాము. పని చేయడం లైసెన్సు, అనుభవం ఉన్నవారి వంతు. అడగడం ఇంటివారి వంతు. ఏమి అడగాలో, ఎప్పుడు అడగాలో తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాత గోడలో ఏముంటుంది?

మన ఊళ్లలో పాత ఇళ్లకు తీగలు గోడ లోపల ఉండేవి కావు. గోడకు సన్నని టేకు బద్దలు బిగించి, వాటి మీద తీగలను రేకు క్లిప్పులతో పట్టించేవారు. ఆ తీగల మీద రబ్బరు తొడుగు ఉండేది. దశాబ్దాలు గడిచేసరికి రబ్బరు ఎండి పెళుసుబారుతుంది. వేలితో వంచితే పెచ్చులుగా రాలిపోతుంది. ఆ తరువాతి కాలంలో ప్లాస్టిక్ తొడుగు తీగలు వచ్చాయి. కొంతకాలం ఖర్చు తగ్గుతుందని రాగికి బదులు అల్యూమినియం తీగలు వాడారు. ఎర్తు తీగ అనేది చాలా ఇళ్లలో ఉండనే ఉండదు.

ఆనాడు గదికి ఒక బల్బు, ఒక ఫ్యాను ఉండేవి. ఈనాడు అదే గోడకు ఫ్రిజ్జి, మిక్సీ, గీజరు, సెల్‌ఫోను ఛార్జర్లు వచ్చి చేరాయి. కనుక పాత తీగలు మార్చడం విలాసం కాదు, అవసరం.

మార్చేటప్పుడు ఒక సంగతి మరువరాదు. పాత తీగను గోడలోనే వదిలివేయవలసి వస్తే దానిని రెండు కొసలా విడదీయాలి. ఒక కొస మెయిన్ వైపు కలిసి ఉండి, రెండో కొసను మాత్రం కత్తిరించి గిలాబు కింద కప్పివేస్తే, గోడలో ఎవరికీ తెలియని ప్రాణాపాయాన్ని పాతిపెట్టినట్లే. "పాత తీగలు రెండు వైపులా విడదీశారా?" అన్నది మొదటి ప్రశ్న.

కొంతభాగం పాతది ఉంచి, కొంత కొత్తది వేయిస్తే రాగిని అల్యూమినియాన్ని నేరుగా మెలివేసి కలపకూడదు. ఈ రెండు లోహాలు కలిసిన చోట చెమ్మ తగిలితే తుప్పు పుట్టి, అతుకు వదులై, వేడెక్కుతుంది. మార్చదలచినప్పుడు మెయిన్ బోర్డు నుంచి దీపం దాకా మార్చడమే మేలు.

స్విచ్చి ఏ తీగను ఆపుతున్నది?

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. రెండు తీగలు వస్తాయి. ఒకటి ఫేజు, ముట్టుకుంటే ప్రాణం మీదికి వచ్చేది అదే. రెండవది న్యూట్రల్, కరెంటు తిరిగి వెళ్లే దారి. ఈ రెండింటికి తోడు రక్షణ కోసం ఎర్తు తీగ ఉంటుంది. మన ఇళ్లలో ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ రంగు తీగలు వాడడం వాడుక. మూడు ఫేజులున్న ఇంటిలో పసుపు, నీలం రంగులు కూడా ఫేజులే.

మెయిన్ బోర్డు నుంచి ఫేజు తీగ గదిలోని స్విచ్చిబోర్డుకు వస్తుంది; స్విచ్చి గుండా దాటి గోడలో పైకి ఎక్కి దీపానికి చేరుతుంది; దీపం నుంచి న్యూట్రల్ మీదుగా తిరిగి వెళుతుంది. స్విచ్చి ఎప్పుడూ ఫేజునే ఆపాలి. పొరపాటున న్యూట్రల్‌ను ఆపేటట్లు కలిపినా దీపం వెలుగుతుంది, ఆరుతుంది. పైకి తేడా కనిపించదు. కాని స్విచ్చి ఆపి ఉన్నా దీపపు హోల్డరులో ఫేజు నిలిచే ఉంటుంది. స్విచ్చి ఆపామన్న ధైర్యంతో బల్బు మార్చబోయిన వారి చేయి నేరుగా ఫేజును తాకుతుంది.

మా వసతిగృహంలో పాత తీగలున్న రోజులలో ఒక గదిలోని ఎల్.ఇ.డి. బల్బు స్విచ్చి ఆపిన తరువాత కూడా రాత్రంతా మసకగా మిణుకుతుండేది. బల్బు చెడిపోయిందనుకుని పిల్లలు రెండుసార్లు మార్చారు. తీగలు మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి చూస్తే స్విచ్చి న్యూట్రల్ మీద ఉంది. కుర్చీ ఎక్కి బల్బులు మార్చినది పన్నెండేళ్ల పిల్లలు. అల్లాహ్ దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు; ఆ బోర్డు అలా ఎన్నేళ్ల నుంచి ఉన్నదో చెప్పగలవారు లేరు.

ఆపిన బల్బు మిణుకడానికి కారణం ప్రతిసారీ ఇదే కానక్కరలేదు. గోడలో రెండు తీగలు చాలా దూరం పక్కపక్కన సాగినా, స్విచ్చిలో చిన్న సూచిక దీపం ఉన్నా ఎల్.ఇ.డి. బల్బు అలా మిణుకవచ్చు. కాని ఆ మిణుకును చూసీ చూడనట్లు వదిలివేయరాదు. ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి పరీక్ష చేయించాలి.

గోడలో దారి నిటారుగా ఉండాలి

తీగను గోడలో దాచడానికి ఇటుకలో గాడి కొట్టి, ప్లాస్టిక్ పైపు అమర్చి, పైన గిలాబు చేస్తారు. ఆ గాడి ఏ దారిన పోవాలన్నదే ఈ పనిలో అతి ముఖ్యమైన సంగతి. తీగ ఆదా అవుతుందనో, పని త్వరగా ముగుస్తుందనో కొందరు స్విచ్చి నుంచి దీపానికి ఏటవాలుగా అడ్డదారిన గాడి కొడతారు. నాలుగు అడుగుల తీగ మిగులుతుంది. గోడ మొత్తం అనుమానాస్పదమవుతుంది. రేపు అద్దం తగిలించడానికో, అలమారా బిగించడానికో మేకు కొట్టేవారికి ఆ ఏటవాలు తీగ ఎక్కడ ఉన్నదో తెలిసే మార్గమే లేదు.

స్విచ్చి నుంచి తీగ నిటారుగా పైకి పోవాలి, లేదా నిటారుగా కిందికి రావాలి. అడ్డంగా పోక తప్పకపోతే నేలకు సమాంతరంగా పోవాలి. అప్పుడు గోడ మీద స్విచ్చిని చూసిన ఎవరైనా లోపలి దారిని ఊహించుకోగలరు. బ్రిటన్‌లో దీనిని నియమంగానే పెట్టారు: గోడలో పైపైన పరచిన తీగ కంటికి కనిపించే స్విచ్చికో సాకెట్టుకో నేరుగా నిలువునగాని, అడ్డంగాగాని పోవాలి, లేదా పైకప్పుకో గోడ మూలకో 150 మిల్లీమీటర్ల లోపల ఉండాలి. ఆ దేశపు ఇళ్ల తీరు వేరు, మన ఇళ్ల తీరు వేరు. అయినా ఇందులోని వివేకం ఏ దేశానికైనా ఒక్కటే: మన తరువాత ఆ గోడ ముందు నిలబడే అపరిచితునికి కూడా లోపల ఏముందో తెలియాలి.

ఇంటిలోని స్త్రీలకు, పిల్లలకు ఇప్పుడే చెప్పి ఉంచవలసిన మాట కూడా ఇదే. స్విచ్చిబోర్డుకు నేరుగా పైన, నేరుగా కింద, సరిగ్గా పక్కన క్యాలెండరుకో గడియారానికో మేకు కొట్టకూడదు. బోర్డు నుంచి పక్కకు బాగా జరిగి, నిలువు దారినీ అడ్డదారినీ తప్పించి కొట్టాలి. పాత ఇంటిలో తీగ ఎలా పోయిందో తెలియదు కనుక, మెయిన్ ఆపిన తరువాతనే రంధ్రం వేయాలి.

గాడి లోతుకు లెక్క ఉంది

గాడి కొట్టడం అంటే గోడ బలాన్ని కొంత తీసివేయడమే. అందుకే కట్టడపు పనిలో ఒక హద్దు పెట్టుకున్నారు. నిలువు గాడి లోతు గోడ మందంలో మూడవ వంతుకు మించరాదు. అడ్డ గాడి లోతు ఆరవ వంతుకు మించరాదు. అడ్డంగా కోసిన గాడి పై బరువును మోసే ఇటుకల వరసనే బలహీనపరుస్తుంది గనుక దాని హద్దు తక్కువ.

మన ఇళ్ల లెక్కన చూద్దాం. బరువు మోసే గోడ సాధారణంగా తొమ్మిది అంగుళాలు, అంటే సుమారు 230 మిల్లీమీటర్లు. అందులో నిలువు గాడి 76 మిల్లీమీటర్ల దాకా, అడ్డ గాడి 38 మిల్లీమీటర్ల దాకా పోవచ్చు. తీగల పైపు 20 లేదా 25 మిల్లీమీటర్లది కనుక చిక్కు లేదు. గదుల మధ్య అడ్డుగోడ అయితే నాలుగున్నర అంగుళాలే, అంటే 115 మిల్లీమీటర్లు. అందులో నిలువు గాడికి 38 మిల్లీమీటర్లు దొరుకుతాయి, పైపు పడుతుంది. అడ్డ గాడికి దొరికేది 19 మిల్లీమీటర్లే. 20 మిల్లీమీటర్ల పైపు కూడా పట్టదు. కాబట్టి లోపలి సన్నగోడలలో అడ్డ గాడి కొట్టవద్దనడం ఎవరి పట్టుదలో కాదు, లెక్క చెప్పిన మాట.

ఈ సన్నగోడకు రెండు వైపులా ఒకే చోట వీపుకు వీపుగా స్విచ్చిబోర్డు పెట్టెలు అమర్చితే మధ్యలో ఇటుక మిగలదు. ఒక గది బోర్డును, అవతలి గది బోర్డును కొంత జరిపి పెట్టాలి. గాడిని ఉలితో సుత్తితో మోది కొట్టేకంటే, ముందు కోత యంత్రంతో రెండు గీతలు కోసి, మధ్య ఇటుకను నెమ్మదిగా తీయించాలి. సన్నగోడ మీద సుత్తి దెబ్బలు పడితే అవతలి వైపు గిలాబు కూడా ఊడుతుంది. కోతకు దుమ్ము విపరీతంగా లేస్తుంది; ఇంటిలో ఉబ్బసం ఉన్నవారిని, పసిపిల్లలను ఆ రోజులలో వేరే ఇంటికి పంపడం మంచిది.

స్తంభాన్ని, దూలాన్ని, తలుపు మీది లింటెలును, స్లాబును ఏ పరిస్థితిలోనూ కోయనివ్వకూడదు. స్లాబు అడుగున ఇనుప కడ్డీకి కాంక్రీటు కప్పు ఒక అంగుళం కూడా ఉండదు. గాడి కొడితే కడ్డీ బయటపడి తుప్పు పడుతుంది. మరి దీపానికి తీగ ఎలా చేరాలి? స్లాబు పోసినప్పుడే అందులో పైపులు వేసి ఉంటే వాటిలోని పాత తీగలు లాగి కొత్తవి ఎక్కించవచ్చు. అవి పూడుకుపోయి ఉంటే, గోడ పైఅంచున పైకప్పును ఆనించి గోడ మీదనే ప్లాస్టిక్ పట్టీ పెట్టి, అందులో తీగ నడిపించడం ఉత్తమం. అది కంటికి కొంచెం కనిపిస్తుంది, నిజమే. ఇల్లు బలంగా నిలుస్తుంది, తీగ ఎక్కడున్నదో అందరికీ తెలుస్తుంది. పెంకుటింటిలో అయితే అటక మీద పైపు వేసి, అక్కడి నుంచి స్విచ్చికి నిలువుగా దింపవచ్చు.

పైపు లేనిదే తీగ గోడలోకి పోరాదు

కొందరు ఖర్చు తగ్గుతుందని తీగను నేరుగా గాడిలో పెట్టి, పైన సిమెంటు పూస్తారు. ఇది చేయనివ్వరాదు. పైపు ఉంటే రేపు ఏదైనా తీగ చెడితే గోడ పగలగొట్టకుండా పాతది లాగి కొత్తది వేయవచ్చు. పైపు లేకుంటే మళ్లీ గాడి, మళ్లీ గిలాబు, మళ్లీ రంగు.

పైపును తీగలతో కుక్కి నింపకూడదు. తీగలు కలిసి పైపు లోపలి చోటులో నలభై శాతానికి మించకుండా ఉంటే, అవి సులువుగా కదులుతాయి, వేడి నిలవదు. మలుపు తిరిగే చోట నిక్కచ్చి మూలలకు బదులు వంపు పెద్దదిగా ఉన్న ముక్క వాడాలి. రెండు పెట్టెల మధ్య రెండు మలుపుల కంటే ఎక్కువ ఉండకుంటే తీగ లాగడానికి అవస్థ ఉండదు. అన్నింటికంటే ముఖ్యమైనది, గోడ లోపల అతుకు ఉండకూడదు. తీగలు కలపవలసినది స్విచ్చిబోర్డు పెట్టెలోనో, మూత విప్పి చూడగల జంక్షన్ పెట్టెలోనో మాత్రమే. నిప్పు పుట్టే చోటు సాధారణంగా అతుకే. కనుక అది కంటికి, చేతికి అందే చోట ఉండాలి.

దీపాలకు, ఫ్యానులకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయడం మంచి పద్ధతి. "తొమ్మిది వాట్ల బల్బుకు ఇంత తీగ ఎందుకు?" అని అడిగేవారున్నారు. పది బల్బులు కలిసినా 90 వాట్లే, అర ఆంపియరు కూడా కాదు, నిజమే. కాని తీగ మందం బల్బు కోసం మాత్రమే కాదు. లాగేటప్పుడు తెగకుండా ఉండడానికి, రేపు అదే బోర్డు మీద ఎవరైనా ఇంకొకటి తగిలిస్తే తట్టుకోవడానికి, షార్టు అయినప్పుడు ఎంసీబీ పడేవరకు కాలిపోకుండా నిలవడానికి. దీపాలు, ఫ్యానులు, చిన్న సాకెట్లు కలిపి ఒక్కో సర్క్యూటుకు పది పాయింట్లు లేదా 800 వాట్లు మించకుండా పంచడం మన దేశంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. గీజరుకు, ఏసీకి వేరే మందమైన తీగ, వేరే ఎంసీబీ ఉండాలి.

తీగ చుట్ట మీద ఐ.ఎస్.ఐ. గుర్తును, దాని కింది లైసెన్సు సంఖ్యను చూడండి. ఆ సంఖ్య నిజమైనదో కాదో భారత ప్రమాణాల సంస్థ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

మెట్ల దీపం, అరువు న్యూట్రల్

సహరీకి లేచేవారు చీకటిలో మెట్లు దిగకుండా కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి పెట్టించుకోవడం మంచి ఏర్పాటు. దీనికి టూవే స్విచ్చిలు కావాలి. రెండింటి మధ్య అదనంగా రెండు తీగలు నడవాలి. గోడ తెరిచి ఉన్నప్పుడే వాటికి తగిన పైపు వేయించుకోవాలి.

ఇక్కడే ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఫేజును కింది అంతస్తు సర్క్యూటు నుంచి, న్యూట్రల్‌ను దగ్గరగా ఉన్నదని పై అంతస్తు సర్క్యూటు నుంచి తీసుకుంటారు. దీపం వెలుగుతుంది. కాని పై అంతస్తు మరమ్మతుకు వచ్చినవారు పై ఎంసీబీ ఆపి, న్యూట్రల్ తీగను విడదీస్తే, కింది ఫేజు దీపం గుండా వచ్చి ఆ తీగ కొసన నిలుస్తుంది. కరెంటు లేదని నమ్మి పట్టుకున్న చేతికి అది తగులుతుంది. ఏ సర్క్యూటు ఫేజు వాడితే ఆ సర్క్యూటు న్యూట్రలే వాడాలి. రెండూ ఒకే పైపులో కలిసి నడవాలి.

ఎంసీబీ తీగను కాపాడుతుంది, మనిషిని కాదు

"మా ఇంట్లో ఎంసీబీలు ఉన్నాయి, భయం లేదు" అని చాలామంది అంటారు. దీపాల సర్క్యూటుకు వేసే ఎంసీబీ 6 ఆంపియర్లది. అంతకు మించి కరెంటు పోయినప్పుడే అది పడుతుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియరులో వెయ్యవ వంతులు కొన్ని పదులు చాలు. 6 ఆంపియర్లంటే 6,000 మిల్లీ ఆంపియర్లు. ప్రాణానికి ముప్పుగా లెక్కించే 30 మిల్లీ ఆంపియర్లకు అది 200 రెట్లు. మనిషి తీగకు అంటుకుని విలవిలలాడుతున్నా ఎంసీబీకి అది ఒక చిన్న బల్బు వెలిగినట్లే.

మనిషిని కాపాడేది ఆర్సీసీబీ అనే మరొక పరికరం. దాని పని లెక్క చూసే గుమస్తా పని. ఫేజు మీద పోయిన కరెంటు అంతా న్యూట్రల్ మీద తిరిగి రావాలి. లెక్కలో తేడా వచ్చిందంటే ఆ తేడా ఎక్కడో కారుతున్నది. తడి గోడలోకి గాని, ఒక మనిషి శరీరం గుండా నేలలోకి గాని. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే అది క్షణంలో ఒక వంతు కాలంలో కరెంటు ఆపివేస్తుంది. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లదే తీసుకోవాలి. ఫేజును, న్యూట్రల్‌ను రెంటినీ ఒకేసారి పట్టుకున్నవారిని మాత్రం అది గుర్తించలేకపోవచ్చు. అందుకే అది జాగ్రత్తకు తోడు, జాగ్రత్తకు బదులు కాదు.

మన ఇళ్లలో వుజూ చేసే కుళాయి, దాని పక్కనే దీపపు స్విచ్చి ఉండడం చూస్తుంటాము. ఫజ్ర్ వేళ తడి చేతులతో, తడి కాళ్లతో ఆ స్విచ్చిని ముట్టుకుంటాము. తడిసిన చర్మం కరెంటును అడ్డుకోలేదు. ఆ స్విచ్చిని నీటి చిందులు పడని చోటికి, వీలైతే తలుపు బయటికి మార్చడానికి గోడలు తెరిచిన ఈ సమయమే సరైనది. ఇనుప స్విచ్చిబోర్డు పెట్టెలకు, లోహపు తొడుగున్న దీపాలకు, ఫ్యానులకు ఎర్తు తీగ తప్పక కలపాలి.

పూతకు ముందు ఒక పూట

గాడులు కొట్టి, పైపులు, పెట్టెలు బిగించిన తరువాత మేస్త్రీ గిలాబు కలపడానికి తొందరపడతాడు. ఆ రోజు ఒక పూట పని ఆపమని చెప్పండి. ఆ పూట కూలి నష్టమైతే ఇచ్చివేయండి. ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని ప్రతి గది తిరగండి. పైపులన్నీ నిటారుగా ఉన్నాయా? లాగుడు తీగ ప్రతి పైపులోనూ అడ్డు లేకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి వస్తున్నదా? సిమెంటు పడకుండా పెట్టెల నోళ్లు కాగితంతో మూశారా?

తరువాత ప్రతి గోడకు ఫోటో తీయండి. ఉత్త ఫోటో చాలదు. నేల నుంచి, గోడ మూల నుంచి పైపు ఎంత దూరంలో ఉన్నదో తెలిసేటట్లు కొలత టేపును గోడకు ఆనించి తీయాలి. ఫోన్లు మారతాయి, పోతాయి. కనుక అవే కొలతలతో గదికొక బొమ్మ కాగితం మీద గీసి, తేదీ వేసి, ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచండి. ఇల్లు అమ్మినా, అద్దెకిచ్చినా దాని నకలు కొత్తవారికి అందాలి. అద్దెకుండేవారు గోడ లోపల ఏముందో చూడలేరు. యజమాని మాటనే నమ్ముకుని పిల్లలను ఆ ఇంటిలో పడుకోబెడతారు. అది మన దగ్గర వారు ఉంచిన అమానతు.

గాడి మీద సన్నని ఇనుప జాలీ పరిచి గిలాబు చేస్తే పైపు పొడవునా పగులు రాదు. గిలాబుకు కొద్ది రోజులు నీళ్లు పట్టాలి. అది ఆరిన తరువాతనే పైపులలో తీగలు లాగించాలి. లాగిన పిమ్మట, కరెంటు ఇవ్వకముందే మెగ్గర్ అనే పరికరంతో 500 వోల్టుల పరీక్ష చేయించండి. తీగల తొడుగు ఎక్కడైనా చిరిగి ఉంటే అది చెబుతుంది. చూపే విలువ ఒక మెగా ఓము కంటే తక్కువ ఉండకూడదు. కరెంటు ఇచ్చాక ప్రతి స్విచ్చి ఫేజు మీదనే ఉన్నదని ఒక్కొక్కటిగా చూపించమని అడగండి. ఆర్సీసీబీ మీది పరీక్ష బొత్తాం నొక్కి, అది పడుతున్నదని చూడండి. ఆ తరువాత నెలకొకసారి మీరే నొక్కి చూస్తూ ఉండండి.

మంచి పనివాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. తన పని చూడడానికి ఒకరు వచ్చారని సంతోషిస్తాడు. ప్రశ్న వినగానే విసుక్కుని, "మేము ఇన్నేళ్లుగా చేస్తున్నాము, మీకెందుకు?" అన్నవారి విషయంలోనే ఆలోచించాలి. వైర్‌మన్ పర్మిట్ ఉన్నవారిని పిలవండి, కూలి ముందే మాట్లాడుకోండి, పని ముగిసిన రోజునే ఇవ్వండి. రంగు చౌకదైనా పరవాలేదు, రెండేళ్లకు మళ్లీ వేసుకోవచ్చు. గోడ లోపలి పైపు, తీగ, ఆర్సీసీబీ విషయంలో మాత్రం పొదుపు చూడవద్దు.

ఇప్పుడు తీగలు మార్పించే ఆలోచన లేనివారు కూడా ఈ రోజే ఒక పని చేయవచ్చు. మీ మెయిన్ బోర్డు తెరిచి ఆర్సీసీబీ ఉన్నదో లేదో చూడండి. పరీక్ష బొత్తాం ఉన్న వెడల్పాటి పరికరం అది. లేకుంటే ఈ నెల ఇంటి ఖర్చులలో మొదటి వరుసలో దానిని రాసుకోండి.